మమ్మల్ని కాస్త లేవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబర్ 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం సందర్భంగా మీ జిల్లా పేజీల్లో వచ్చిన ఫొటోలు చూశాను. వార్తలు నాలుగైదు ఊళ్లవి, ఫొటో మాత్రం అన్నిటికీ ఒకటే అన్నట్టుంది. వృద్ధాశ్రమం వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ముసలివాళ్లు, ఒళ్లో అరటిపండ్లు, బ్రెడ్ ప్యాకెట్, మడత విప్పని దుప్పటి. వెనకాల నిలబడి నవ్వుతున్నవాళ్లు దాతలు. ఇచ్చినవాళ్లను తప్పుపట్టడం లేదు. చలికాలం వస్తోంది, దుప్పటి అక్కరకొచ్చేదే. నేను చెప్పాలనుకున్నది ఆ కుర్చీల సంగతి. ఫొటో తీసి దాతలు కారెక్కి వెళ్లిపోయాక కూడా ఆ ముసలివాళ్లు ఆ కుర్చీల్లోనే ఉంటారు. భోజనం గంట కొట్టేదాకా లేవరు. వాళ్లను లేపేవాళ్లు ఉండరు, తామే లేవబోతే ఊరుకునేవాళ్లు అసలే ఉండరు.

నేను రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు హైస్కూళ్లలో డ్రిల్ సారుగా పనిచేశాను. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు చాలావరకు తిరిగొచ్చింది, చెయ్యి సగమే వచ్చింది. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది. అప్పటినుంచి ఆస్పత్రిలో, హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాట్‌లో, నల్లగొండకు దగ్గర్లోని ఒక వృద్ధాశ్రమంలో ఉండి, ఇప్పుడు సొంతూళ్లో తమ్ముడి ఇంటికి చేరాను. ఎక్కడా నన్ను చిన్నచూపు చూడలేదు, తిండికి, మందులకు లోటు చేయలేదు. కానీ ఎక్కడ ఎంత బాగా చూసుకున్నారో, అక్కడ నేను అంత తక్కువ కదిలాను. ఈ ముక్క మా ఇంట్లో చెప్తే నవ్వారు. అందుకే మీకు రాస్తున్నాను.

ఆస్పత్రి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పొద్దున ఫిజియోథెరపిస్ట్ వచ్చి కాలు, చెయ్యి ఆడించి వెళ్లేవాడు. మంచి కుర్రాడు, కానీ అతనికి ఇంకా రెండు వార్డులున్నాయి. మిగతా రోజంతా మంచమే. మూత్రానికి పైపు పెట్టారు, అవసరం తీరాక కూడా ఉంచారు. పైపు ఉంటే బాత్రూమ్‌కి తీసుకెళ్లే పని తప్పుతుంది కదా. ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసు వాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గిందని 2007లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. వాళ్లకు జబ్బేమీ లేదు, పడుకున్నారు, అంతే. ఇక పక్షవాతం వచ్చినవాడి సంగతి వేరే చెప్పాలా?

కొడుకు ఫ్లాట్ ఎల్బీనగర్ దాటాక, నాలుగో అంతస్తులో. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. నాకోసం ఏజెన్సీ ద్వారా ఒక కుర్రాణ్ని పెట్టారు. ఎంత చురుకైనవాడంటే, నేను చొక్కా గుండీ మీద ఎడమ చెయ్యి వేసేలోపే నాలుగు గుండీలూ పెట్టేసేవాడు. తల దువ్వేవాడు, అన్నం కలిపి స్పూన్‌తో పెట్టేవాడు. నా అంతట నేను స్నానం చేస్తే అరగంట, వాడు చేయిస్తే పది నిమిషాలు. సాయంత్రం మా కోడలు వచ్చి, "మామయ్య గారు ఇవాళ ఏం చేశారు" అని అడిగేది. నీట్‌గా ఉన్నారు, అన్నం తిన్నారు, మందులు వేసుకున్నారు అని వాడు చెప్పేవాడు. ఆమె అడిగింది ఒకటి, వాడు చెప్పింది ఇంకొకటి అని ఇద్దరికీ తోచలేదు. వాడిని అనడానికేం లేదు. నన్ను శుభ్రంగా, దెబ్బ తగలకుండా అప్పజెప్పడానికే వాడికి జీతం. నేను పడిపోతే వాడి ఉద్యోగం పోతుంది, కూర్చునే ఉంటే ఏమీ పోదు. పైగా నేల నిండా అద్దంలాంటి టైల్స్. బాత్రూమ్‌లో తడి ఆరేది కాదు, పట్టుకోవడానికి గోడకు ఏమీ లేదు. షవర్ మాత్రం రెండు రకాలది.

నేను వృద్ధాశ్రమానికి వెళ్తానన్నప్పుడు కొడుకు చాలా బాధపడ్డాడు. చుట్టాలు వాణ్ని అనకూడని మాటలన్నారు. వెళ్లింది నా ఇష్టంతోనే అని ఇక్కడ రాతపూర్వకంగా చెప్తున్నాను, చుట్టాల్లో ఎవరైనా మీ పేపర్ చదువుతుంటే.

ఆశ్రమంలో నేను నేర్చుకున్నంత ట్రైనింగ్ కాలేజీలో కూడా నేర్చుకోలేదు. ముందు కుర్చీతో మొదలుపెడతాను. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ మీద చేతులాన్చి లేవబోతే కుర్చీ వెనక్కి జారుతుంది. ఒకసారి జారితే మనిషికి భయం పట్టుకుంటుంది, ఇక రెండోసారి ప్రయత్నించడు. చేతులు లేని కుర్చీ అయితే మరీ కష్టం. గోడకు ఆనించి వేసిన, బరువైన, చేతులున్న చెక్క కుర్చీలోంచి నాలాంటివాడు ఎవరి సాయమూ లేకుండా లేస్తాడు. ఒక మనిషి సొంతంగా లేవగలడా లేడా అన్నది ఒక్కోసారి కాళ్లను బట్టి కాదు, కుర్చీని బట్టే తేలిపోతుంది. మంచమూ అంతే. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు నడుముకంటే పైకి రాకూడదు. అక్కడ మంచాలన్నీ పొట్టివి. కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టించమంటే పెట్టించారు, కాదనలేదు. అంతకుముందు అడిగినవాళ్లు లేరు.

ఇక వీల్‌చైర్. ఎవరో పుణ్యాత్ముడు తల్లిదండ్రుల పేరు రాయించి ఇచ్చాడు. అది వచ్చాక మెల్లమెల్లగా అందరూ దాంట్లోకే ఎక్కారు. ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని తన గది నుంచి భోజనాల గదికి నడిచేది, కాకపోతే చాలాసేపు పట్టేది. ఇద్దరు ఆయాలు అందరికీ వడ్డించాలి, కొందరికి తినిపించాలి, పక్కలు మార్చాలి. ఆమె నడిచి వచ్చేదాకా ఆగితే పప్పు చల్లారిపోతుంది. అందుకని వీల్‌చైర్‌లో తోసుకొచ్చేవాళ్లు. కొన్నాళ్లకు ఆమె నిజంగానే నడవలేకపోయింది. "ఎందుకు నడవనియ్యవు" అని ఆయాను అడిగితే, "పడితె నన్నంటరు సారూ. కూసుంటె ఎవ్వలేమంటరు" అంది. దానికి జవాబు నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు. ఆమె జీతానికి, చేసే గంటలకు ఆ మాత్రం జాగ్రత్త పడటం న్యాయమే.

ఆఫీసులో రిజిస్టర్ ఉండేది. బీపీ, షుగర్, మందులు, భోజనం, చూడటానికి వచ్చినవాళ్ల పేర్లు, అన్నిటికీ గడులున్నాయి. ఎవరు ఎంత నడిచారు, ఎవరు సొంతంగా స్నానం చేశారు అన్నదానికి గడి లేదు. గడి లేని పనిని ఏ ఉద్యోగీ చేయడు. నేనూ ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్నే. మనిషి సొంతంగా ఏమేం చేసుకోగలడో లెక్కగట్టడానికి డాక్టర్ల దగ్గర బార్తెల్ సూచీ అని ఒకటి ఉంది. 1965 నుంచీ వాడుకలో ఉంది. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు ఇలా పది పనులకు కలిపి 100 మార్కులు. ఆశ్రమంలో చేరిన రోజు ఎన్ని మార్కులు, ఆర్నెల్ల తర్వాత ఎన్ని అని రాసిపెట్టుకుంటే ఎవరి సేవ ఎలా ఉందో దాతలకు కూడా తెలుస్తుంది. పరీక్ష పెట్టకుండా మార్కులు రావని నేను మేష్టార్లకు చెప్పనక్కర్లేదు.

అక్కడ సాయంత్రాలు కుర్చీ డ్రిల్ మొదలుపెట్టాను. కూర్చునే మడమలు ఎత్తడం, మోకాలు చాపి పట్టుకోవడం, కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి పక్కకు అడుగులు వేయడం. బీపీ ఎక్కువున్నవాళ్లను, గుండె జబ్బువాళ్లను డాక్టర్ని అడిగాకే రమ్మన్నాను. మొదట్లో మగవాళ్లు రాలేదు, పరువు తక్కువ అనుకున్నారు. ఆడవాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. పాత ప్యాంటు గుడ్డతో సంచులు కుట్టించి ఇసుక పోసి కాళ్లకు కట్టుకునేవాళ్లం. ఇది నా సొంత తెలివి కాదు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో 90 ఏళ్లు అటూఇటూగా ఉన్న పదిమందితో మొదలుపెట్టి ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయిస్తే, వాళ్ల కాళ్ల బలం సగటున రెండింతలకు మించి పెరిగింది. తొంభై ఏళ్లకు కండ పెరగదు అనేవాళ్లకు నేను ఈ సంగతే చెప్తాను.

కానీ నా డ్రిల్ కంటే బాగా పనిచేసింది బతుకమ్మ. ఆ ఏడాది పండగకు ఆశ్రమం ముందు తంగేడు, గునుగు తెచ్చి పేర్చారు. చుట్టూ కుర్చీలు వేసి, నిలబడగలిగినవాళ్లను కుర్చీ వీపు పట్టుకుని నిలబెట్టారు. పాట మొదలయ్యాక ఎవరి కుర్చీ ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. వాకర్ ఆవిడ ఒక చేత్తో వాకర్ పట్టుకుని రెండో చెయ్యి తొడ మీద చరుస్తూ అడుగులేసింది. నేను రోజూ గొంతు చించుకున్నా ఎత్తని కాలు అది. మర్నాడు అందరికీ ఒళ్లునొప్పులు. దాన్ని చూసి మేనేజర్ భయపడ్డాడు, నేను సంతోషపడ్డాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ఉంది. అది కాక వారానికి రెండు రోజులైనా కండరాల బలానికి, మూడు రోజులైనా తూలి పడకుండా నిలదొక్కుకోవడానికి వ్యాయామాలు చేయాలట. వికలాంగుల గురించి విడిగా చెప్పడం కూడా ఆ పత్రంలోనే మొదలైంది. అంత చేతకాకపోతే ఎంత చేతనైతే అంత చేయండి, అసలు లేకపోవడం కంటే కొంచెమైనా మేలే అన్నారు. నేను ఆ కొంచెం గురించే మాట్లాడుతున్నాను. గ్లాసు మంచినీళ్లు మనమే లేచి తెచ్చుకోవడం కూడా అందులో ఒకటి.

ఇప్పుడు ఊళ్లో ఉన్నాను. ఊరంటే స్వర్గమని రాస్తానని ఎదురుచూడకండి. తమ్ముడి ఇంట్లో గడపలు ఎత్తు. స్వచ్ఛ భారత్ కింద 12 వేలతో కట్టిన మరుగుదొడ్డిలో గొంతు కూర్చోవాలి, పక్షవాతం కాలుతో అది కుదిరే పని కాదు. చండూరులో ఒక వెల్డర్‌తో ఇనుప కమోడ్ స్టాండు, గోడకు పైపు చేయించుకున్నాను. పైపు నా మోచేతి ఎత్తులో పెట్టమంటే అందరూ పెట్టినట్టు భుజం ఎత్తులో పెట్టాడు, మళ్లీ పీకించాల్సి వచ్చింది. అయినా ఇక్కడ రోజుకు ఎక్కువ అడుగులు పడుతున్న మాట నిజం. కారణం ఇక్కడ పనులుండటమే. బర్రెకు కుడితి పెట్టారా లేదా చూడాలి, పాల కేంద్రం దాకా పోయి ముచ్చట వినాలి, అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూడాలి.

మా అక్క ఇదే ఊళ్లో ఇంకో వాడలో ఉంటుంది. ఫ్లోరైడ్ మనిషి. బోరు నీళ్లు తాగి పెరిగిన తరం మాది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు, అప్పుడు ఎవరికి తెలుసు? అక్క నడుము వంగిపోయింది, మెడ తిరగదు, వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లల పళ్లు తెల్లగా వస్తున్నాయి, సంతోషం. కానీ వంగిన ఎముకను కృష్ణా నీళ్లు సాపు చేయవు. మర్రిగూడ అనగానే ఫ్లోరైడ్ గురించి రాసినవాళ్లంతా నీళ్ల గురించి రాశారు. వంగిపోయిన ఈ మనుషులు ముసలివాళ్లై ఇప్పుడు రోజంతా ఏం చేస్తున్నారని ఎవరూ రాయలేదు.

అక్క మొన్నమొన్నటి దాకా గోడకు ఆనుకుని కూర్చుని బియ్యం ఏరేది, చింతపండు గింజలు తీసేది, చేటలో కందులు చెరిగేది. కోడలు మంచిది. వాడకట్టులో ఎవరో, "ముసల్దానితోటి గింత పనా" అన్నారట. అప్పటినుంచి కోడలు చేట ముట్టనివ్వడం లేదు. నేను పోయినప్పుడల్లా అక్క మంచం మీద ఉంటోంది, వేళ్లు బిగుసుకుపోతున్నాయి. మన దగ్గర పెద్దవాళ్లను పని చేయనివ్వకపోవడమే ప్రేమ. నలుగురిలో పేరు పోతుందన్న భయం కోడళ్లకు ఎంత ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ మాట అక్క కోడలికి కాదు, ఆ నలుగురికి చెప్తున్నాను. చేట ఆమె చేతికే ఇవ్వండి. విసుగొస్తే ఆమే పక్కన పెడుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నాతో ట్రైనింగ్ చేసిన మిత్రుడు అచ్చంపేట దగ్గర తండాలో ఉంటాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు కదా, వాళ్ల తండాలో వయసులో ఉన్నవాళ్లు పుణె, ముంబై పోతే ముసలివాళ్లు, మనవళ్లు మిగిలారు. షుగర్‌తో కాలి వేళ్లు తీసేసిన ఒక తాత నీళ్లు మోస్తాడు, మేకలు కాస్తాడు, పిల్లల్ని బడికి పంపుతాడు. అడుగుల లెక్క తీస్తే జిల్లాలో ఆయనకే ఫస్ట్ ప్రైజ్. దాన్ని వ్యాయామం అనడానికి నాకు నోరు రావడం లేదు. పుండు పడ్డ కాలితో నడిస్తే అది నష్టమే. ఆయన్ను కూర్చోబెట్టాలి, ఆశ్రమంలో పెద్దావిడను లేపాలి. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చేవాణ్ని నమ్మకండి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కూడా అనను. వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010-11లోనే మొదలైంది. అందులో జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉన్నాయి. పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, మంచం పట్టినవాళ్ల ఇంటికే వచ్చి వ్యాయామం నేర్పే పునరావాస కార్యకర్త కూడా ఉన్నారు. మా ఇంటికి ఆశా కార్యకర్త వస్తుంది, బీపీ మాత్రలు ఇస్తుంది, పాపం ఆమె చేతిలో ఉన్నంత చేస్తుంది. ఆ పునరావాస కార్యకర్త మాత్రం మా గడప తొక్కలేదు. 2017 నుంచి వయోశ్రీ పథకం కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు ఇస్తున్నారు. ఇవ్వడం వరకే. మా వాడలో కర్రలు పట్టినవాళ్లలో చాలామంది తప్పుగా పట్టుకుంటున్నారు. బాగాలేని కాలు ఏ వైపు ఉంటే కర్ర రెండో వైపు చేతిలో ఉండాలి. చేతులు కిందికి వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. కింద రబ్బరు బుష్ అరిగితే మార్చాలి, బజారులో దొరుకుతుంది. పంచేరోజు ఈ మాటలు చెప్పడానికి ఒక మనిషి ఉంటే చాలు.

పల్లె ప్రకృతి వనాలూ ఉన్నాయి. మా ఊళ్లో అది ఊరి చివర ఉంది. నేను అక్కడికి చేరేసరికే నా నడక అయిపోతుంది, తిరిగి రావడానికి ఎవరి బండో ఎక్కాలి. దారిలో రెండు చోట్ల సిమెంటు బల్ల వేస్తే ఊళ్లో సగం మంది ముసలివాళ్లు రోజూ నడుస్తారు. పంచాయతీకి ఇది పెద్ద ఖర్చేం కాదు.

ఆఖరుగా ఒక విన్నపం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ వారి భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపిస్ట్ అక్కడికి వచ్చి పిల్లలకు వ్యాయామం చేయిస్తారు. చాపలు, నడక నేర్పే కడ్డీలు, బంతులు అన్నీ ఉంటాయి. పిల్లలు వెళ్లిపోయాక సాయంత్రం ఆ గదిని మాకిస్తే, వారంలో ఒక పూట ఆ ఫిజియోథెరపిస్ట్‌కే అదనంగా కొంత భత్యం ఇచ్చి మమ్మల్ని కూడా చూడమంటే, మండలానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త సామాను అక్కర్లేదు. ఊళ్ల నుంచి రావడానికి ఆటో ఖర్చు పంచాయతీలు చూసుకోవచ్చు. బడి అయ్యాక ఆ గది తాళం ఎవరి చేతిలో ఉండాలన్నది విద్యాశాఖ, వైద్యశాఖ ఒక పూట కూర్చుని తేల్చుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ కలెక్టర్లు ముగ్గురూ కనీసం ఒక్కో మండలంలోనైనా ఇది మొదలుపెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్ మాస్టర్,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా